చలికాలపు కరెంటు ధరలు: టెక్సాస్ 2021పై అపోహలు, వాస్తవాలు

2021 ఫిబ్రవరిలో మంచు తుపాను విరుచుకుపడినప్పుడు టెక్సాస్ టోకు మార్కెట్‌లో కరెంటు ధర యూనిట్‌కు 9 డాలర్లకు చేరి, రోజుల తరబడి దిగిరాలేదు. మన విద్యుత్ ఎక్స్ఛేంజీల డే-అహెడ్ మార్కెట్‌లో (రేపటి కరెంటును ఈ రోజే కొనే మార్కెట్) 2023 నుంచి యూనిట్‌కు గరిష్ఠ పరిమితి 10 రూపాయలేనని గుర్తుచేసుకుంటే ఆ తీవ్రత అర్థమవుతుంది. డాలస్, హ్యూస్టన్‌లలో పిల్లలున్న తల్లిదండ్రులు దాని గురించి, విద్యుత్ కొనుగోళ్ల పనిలో ఉన్న నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు.

అపోహ: గాలిమరలు గడ్డకట్టడమే దీనికి కారణం.

వాస్తవం: కొన్ని గాలిమరలు ఆగిన మాట నిజమే. కానీ అమెరికా కేంద్ర ఇంధన నియంత్రణ సంస్థ ఫెర్క్, గ్రిడ్ విశ్వసనీయతను పర్యవేక్షించే నెర్క్ ఇచ్చిన సంయుక్త నివేదిక ప్రకారం మొరాయించిన ఉత్పత్తి యూనిట్లలో 58 శాతం సహజవాయువుతో నడిచేవి. పైగా కరెంటు కోతలు గ్యాస్ క్షేత్రాలకూ తగలడంతో గ్యాస్ మరింత తగ్గి, కొరత కొరతనే పెంచింది.

అపోహ: ఉత్పత్తి ఖర్చు పెరిగినందువల్లే ధర 9 డాలర్లయింది.

వాస్తవం: గ్యాస్ ధర విపరీతంగా పెరిగింది గానీ, 9 డాలర్లు అనేది ఖర్చు లెక్క కాదు, నిబంధనల్లో ఉన్న గరిష్ఠ పరిమితి. కోత పెట్టినప్పుడు ఆ మేరకు గిరాకీ లెక్కలోంచి తొలగిపోతుంది కనుక, లక్షల ఇళ్లు చీకట్లో ఉన్నా మార్కెట్ ధర ఒక దశలో 1.20 డాలర్ల దగ్గరే కనిపించింది. కోతలుంటే కొరత పరాకాష్ఠకు చేరినట్లేనని భావించిన రాష్ట్ర నియంత్రణ కమిషన్, ఫిబ్రవరి 15న ధరను గరిష్ఠ పరిమితి వద్దే ఉంచాలని ఆదేశించింది. విద్యుత్ అమ్మకాలతోనే ప్లాంట్లు పెట్టుబడి రాబట్టుకోవలసిన మార్కెట్‌లో ఆ తర్కం అర్థం లేనిది కాదు. అయితే ఫిబ్రవరి 17 రాత్రికి కోతలు ముగిసినా ఆ ధరను 19 ఉదయం దాకా కొనసాగించడం మాత్రం నాకు సమంజసంగా తోచదు. ఆదేశాలు కమిషన్ అధికార పరిధిలోనివేనని 2024 జూన్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు తేల్చింది.

అపోహ: అందరి బిల్లులూ వెంటనే వేల డాలర్లయ్యాయి.

వాస్తవం: స్థిర ధర ఒప్పందం ఉన్నవారి ధర మారలేదు. దెబ్బతిన్నది గ్రిడ్డీ వంటి, టోకు ధరను నేరుగా ఇంటి బిల్లులో వేసే పథకాల వినియోగదారులు. గృహాలకు అటువంటి పథకాలను అదే ఏడాది చట్టంతో నిషేధించారు. మిగిలినవారిపై భారం ఆలస్యంగా పడింది. ఆ ధరకు కొన్న కరెంటు బిల్లు కట్టలేక బ్రాజోస్ విద్యుత్ సహకార సంస్థ మార్చి 1న దివాలా రక్షణ కోరింది, ఇలాంటి కొనుగోళ్ల బకాయిల్లో బాండ్ల అప్పుతో సర్దినవి వినియోగదారుల నుంచి ఏళ్ల తరబడి వాయిదాల్లో వసూలవుతున్నాయి. గరిష్ఠ పరిమితిని 2022 జనవరి నుంచి 5 డాలర్లకు తగ్గించారు.