గొడవల్లేవుగా, ఈ మాటామంతీ మాకెందుకండీ?

విజయవాడ, గుంటూరుల్లో గుడి, మసీదు, చర్చి పెద్దల్ని ఒకచోట కూర్చోబెట్టే పని చేస్తూ పన్నెండేళ్ళయింది. ఏ వీధికెళ్ళినా ముందు వినిపించే ప్రశ్న పైదే. మొన్న వన్‌టౌన్‌లోనూ అదే.

అపోహ: గొడవొస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

వాస్తవం: అప్పుడు ఎవరూ ఎవరి మాటా వినరు. చవితికి ముందు స్టేషన్లో పీస్ కమిటీ మీటింగ్ జరుగుతుందిగా అంటారు. జరగాలి కూడా. కానీ అక్కడ సీఐ గారు చెబుతారు, పెద్దలు తలూపుతారు, టీ తాగి లేస్తారు. ఒకరి ఫోన్ నంబరు ఇంకొకరి దగ్గర ఉండదు.

కొన్నేళ్ళ కిందట పాత గుంటూరులో, నిమజ్జనం ముందురోజు రాత్రి, ‘పందిరి మీద రాళ్ళేశారు’ అని వాట్సాప్‌లో పాకిపోయింది. జరిగిందల్లా ఒక ఆటో వెనక్కి వస్తూ పందిరి గుంజకు తగలడమే. అదృష్టం, ఆ వేసవిలోనే అక్కడి ఇద్దరు పెద్దల్ని మురుగుకాలువ సమస్య మీద మూడుసార్లు కూర్చోబెట్టాం. ఒకాయన ఫోన్ చేసి ‘భాయ్, ఏం జరిగింది?’ అని అడిగారు. రెండో ఆయన లుంగీ మీదే వచ్చి పందిరి పక్కన నిలబడ్డారు. కుర్రాళ్ళు మెల్లగా ఇళ్ళకు పోయారు. అలాంటి పుకారుకే ఇంకో వీధిలో ఒక టైలరు కొట్టు షట్టరు విరగ్గొట్టారు. లోపల ఎవరివో పెళ్ళి బట్టలున్నాయి. కళ్ళతో చూడనిదాన్ని ఫార్వర్డ్ చేసినవాళ్ళలో ఒక్కరూ ఆ మనిషి ముఖం చూడటానికి వెళ్ళలేదు.

పండగలు ఒకేసారి రావడం కూడా హఠాత్తుగా జరిగేది కాదు. ముస్లింల హిజ్రీ క్యాలెండరులో ఏడాదికి 354 రోజులే, ఒక్కోసారి 355. కాబట్టి ప్రవక్త పుట్టినరోజు పండగ మిలాద్ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకొస్తుంది. పంచాంగం పక్కన పెట్టుకుంటే ఎప్పుడు కలుస్తాయో ఏళ్ళ ముందే తెలుస్తుంది. 2023లో మిలాద్, హైదరాబాద్ గణేశ్ నిమజ్జనం రెండూ సెప్టెంబరు 28నే పడ్డాయి. అక్కడి ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. ఊరేగింపు రోజు పొద్దున్న కుదిరే పనా అది?

‘అన్ని మతాలూ ఒకటే అనాలా?’ అక్కర్లేదు. 1965లో కేథలిక్ చర్చి పెద్దల రెండో వాటికన్ మహాసభ, ఇతర మతాల్లోని సత్యాన్నీ పవిత్రతనూ తిరస్కరించబోమని ప్రకటించింది. తన విశ్వాసాన్ని మాత్రం వదులుకోలేదు.

‘మతం మార్చేస్తారేమో’ అన్న భయాన్ని నేను కొట్టిపారేయను. ఒకమ్మ కొడుకు చెయ్యి వదలకుండానే ఆ మాట అడిగింది. మా దగ్గర ఎవరూ ఎవరికీ ప్రచారం చేయకూడదమ్మా, నువ్వూ కూర్చో అన్నాను, కూర్చుంది. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్ళకు కొబ్బరికాయలతో కొండెక్కే హిందువులు ఎంతమంది! ఇంటికెళ్ళి తమ దేవుడికే దీపం పెట్టుకుంటారు.

మీ వీధిలో అవతలి కమిటీ పెద్ద నంబరు ఈ వారమే తీసుకోండి. మొహమాటంగా ఉంటే మైకు ఎన్నింటికి ఆపుతారో, కాలువ ఎప్పుడు తీయిస్తారో, అది అడగండి చాలు. మతం మాట తర్వాత సంగతి.