గోళ్ళు పదో రోజుకే లేస్తున్నాయని మరో కోర్సులో చేరుతున్నారా? నెయిల్ టెక్నీషియన్ శిక్షణపై అపోహలు - వాస్తవాలు

విజయవాడ లబ్బీపేటలో నేను నడుపుతున్న చిన్న నెయిల్ స్టూడియోకు కస్టమర్లే కాక, కొత్తగా శిక్షణ పూర్తి చేసుకున్న అమ్మాయిలు కూడా నెలకు ఇద్దరు ముగ్గురైనా వస్తుంటారు. గుంటూరు బ్రాడీపేట నుంచి, తెనాలి నుంచి, ఇటు గన్నవరం నుంచి వచ్చే వీరందరి చేతిలో కిట్ బ్యాగు, ఫోనులో సర్టిఫికెట్ ఫోటో, నోట ఒకే మాట ఉంటాయి: "అక్కా, నేను పెట్టిన గోళ్ళు పది రోజులు కూడా నిలవడం లేదు. అడ్వాన్స్‌డ్ కోర్సు చేద్దామనుకుంటున్నాను, ఎక్కడ బాగుంటుందో చెప్పండి." గత నెల వచ్చిన ఒక అమ్మాయి మొదటి కోర్సు ఫీజు కోసం తల్లి గొలుసు తాకట్టు పెట్టింది. ఆ గొలుసు ఇంకా విడిపించుకోకుండానే రెండో కోర్సుకు డ్వాక్రా సంఘంలో అప్పు అడగడానికి సిద్ధపడుతున్నది. గోరుచుట్టు మీద రోకలిపోటు అన్న సామెత మన పనికి ఇంత నేరుగా వర్తిస్తుందని నేను అనుకోలేదు. ఆ రోజు ఆమెకు చెప్పిన సంగతులనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: గోళ్ళు లేస్తున్నాయంటే నేర్చుకున్నది చాలలేదు, లేదా జెల్, అంటే లాంప్ వెలుగులో గట్టిపడే పూత, మంచిది కాదు. ఇంకో కోర్సు చేసి, ఖరీదైన బ్రాండు కొంటే సరిపోతుంది.

వాస్తవం: లిఫ్టింగ్, అంటే జెల్ గోటి నుంచి విడిపోవడం, బయటపడేది వారం నుంచి రెండు వారాల మధ్య. మన ఊళ్ళలో ఎక్కువ కోర్సులు నడిచేది మూడు నుంచి ఏడు రోజులు. అంటే మీరు పెట్టిన గోరు లేచే సమయానికి కోర్సు ముగిసిపోయి, సర్టిఫికెట్ చేతికి వచ్చి, సాధనకు చేయి ఇచ్చిన ఆ మోడల్ ఎవరో ఎక్కడుందో కూడా తెలియని స్థితిలో మీరుంటారు. మీ తప్పు మీ గురువుకు కనబడే అవకాశమే ఆ కోర్సులో లేదు. రెండో కోర్సు కూడా అన్ని రోజులే అయినప్పుడు అదీ మీకు చూపించేది కొత్త డిజైన్లనే కాని, పాత తప్పును కాదు. అడ్వాన్స్‌డ్ కోర్సులో త్రీడీ పువ్వులు, ఒంబ్రే, క్రోమ్ నేర్పుతారు. లేచిపోయే గోరు మీద పువ్వు ఎంత అందంగా ఉన్నా అది గోరుతో పాటే ఊడిపోతుంది.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. నేను కూడా విజయవాడలో ఒక కోర్సు, హైదరాబాదులో మరొక కోర్సు చేసి, అప్పు రెట్టింపు చేసుకుని వచ్చాక కూడా నా సెట్లు (పది వేళ్ళకూ పెట్టిన గోళ్ళు) క్యూటికల్ దగ్గర, అంటే గోరు మొదట్లో చర్మం కలిసే చోట, లేస్తూనే ఉండేవి. అప్పుడు నేను పనిచేస్తున్న సెలూన్‌లో ఒక సీనియర్ అక్క నా పక్కన కూర్చుని, గంటసేపు ఏమీ మాట్లాడకుండా చూసి, చివరికి ఒక్క ప్రశ్న అడిగింది: "బఫింగ్ అయ్యాక ప్రతి గోరునూ బొటనవేలితో ఎందుకు తడుముతున్నావు?" జెల్ వేసే ముందు గోటిని రుద్దే బఫింగ్ తర్వాత, నునుపుగా వచ్చిందో లేదో చూసుకోవడానికి నేను తడుముతున్నానని నాకే తెలియదు. పొద్దున్నే తలకు నూనె రాసుకుని జడ వేసుకున్న ఆ చేతితో, శుభ్రం చేసిన ప్రతి గోరు మీదా నేనే నూనె పూస్తున్నాను. రెండు కోర్సులు పట్టుకోలేని తప్పును ఆమె రూపాయి తీసుకోకుండా పట్టుకుంది.

కనుక ముందుగా గోరు ఎక్కడ లేస్తున్నదో చూడండి. అది లేచే చోటే కారణాన్ని చెబుతుంది. క్యూటికల్ వైపు లేస్తే, నెయిల్ ప్లేట్‌కు, అంటే గట్టి గోటికి, అంటుకున్న పలుచని మృతచర్మపు పొర పూర్తిగా పోలేదని, లేదా జెల్ చర్మం మీదికి పారిందని అర్థం. కొత్తవారిలో చాలామంది ప్లేట్ మీది ఆ పొరను వదిలేసి, గోరు మొదట్లో ఉన్న బతికున్న చర్మాన్ని కత్తిరిస్తారు. దానివల్ల లిఫ్టింగ్ ఆగకపోగా కస్టమర్‌కు గోరుచుట్టు వచ్చే ప్రమాదం తోడవుతుంది. పక్కల లేస్తే అక్కడ ఫైలు సరిగా తగల్లేదేమో, జెల్ పక్క చర్మాన్ని తాకిందేమో చూడాలి. చివర లేస్తే ఫ్రీ ఎడ్జ్‌ను (గోటి కొస అంచును) జెల్‌తో క్యాప్ చేయలేదు, అంటే కప్పలేదు, లేదా ఆ గోటికి మించిన పొడవు పెట్టారు. మొత్తం జెల్ ఒక రేకులా ఊడివస్తే తేమో, నూనో, చాలని క్యూరింగో (లాంప్‌లో గట్టిపరచడం) కారణమై ఉంటుంది. బొటనవేళ్ళు మాత్రమే లేస్తున్నాయంటే ఇంకా సులువు: నాలుగు వేళ్ళతో కలిపి లాంప్‌లో పెట్టినప్పుడు బొటనవేలు పక్కకు ఒరిగి ఉంటుంది కాబట్టి వెలుగు నేరుగా పడదు. రెండు బొటనవేళ్ళనూ విడిగా, గోరు పైకి ఉండేలా పెట్టి క్యూర్ చేయండి.

తేమ విషయం మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాలి. వైశాఖంలో, పెళ్ళిళ్ళు జోరుగా ఉండే రోజుల్లో, బెంజి సర్కిల్ నుంచి ఎండలో ఆటోలో వచ్చిన పెళ్ళికూతురి అరచేయి తడిబట్టలా ఉంటుంది. ఆమెను ఏసీలో పది నిమిషాలు కూర్చోబెట్టకుండానే ప్రెప్ (గోటిని సిద్ధం చేయడం) మొదలుపెడితే, తేమ తీసే డీహైడ్రేటర్ ఎంత రాసినా ఫలితం అంతంతమాత్రమే. అంతకన్నా పెద్ద తప్పు, గోరువెచ్చని నీళ్ళలో చేతులు నానబెట్టి మానిక్యూర్ చేసి, వెంటనే జెల్ వేయడం. గోరు నీటిని పీల్చుకుని కొద్దిగా సాగుతుంది, ఆరాక మళ్ళీ ముడుచుకుంటుంది. మీరు వేసిన గట్టి పొర మాత్రం దానితో పాటు ముడుచుకోదు. జెల్‌కు ముందు డ్రై మానిక్యూరే చేయాలి. పొడినీ ద్రవాన్నీ కలిపి గోరు పెట్టే అక్రిలిక్ చేసేవారికి మే నెల మరో పరీక్ష: వేడికి ఆ మిశ్రమం త్వరగా బిగిసి, బీడ్‌ను (బ్రష్‌తో తీసుకున్న చిన్న ముద్దను) పరిచేలోపే గట్టిపడుతుంది. చలికాలంలో కుదిరిన చేయి ఎండాకాలంలో తప్పిందని కంగారుపడి ఏడ్చిన పిల్లలను చూశాను. చిన్న బీడ్లు తీసుకుంటే చాలు.

మరో కోర్సు బదులు ఏం చేయాలి? మీ ఎడమచేతి అయిదు వేళ్ళూ, కాదనకుండా చేయి చాపే ఒక స్నేహితురాలి పది వేళ్ళూ చాలు. ప్రతి సెట్‌కూ ఒక నోటు పుస్తకంలో ఏ బేస్ (అడుగు పూత), లాంప్‌లో ఎన్ని సెకన్లు, ఆ రోజు ఏ మార్పు చేశారో రాసుకుని, మొదటి రోజు, ఏడో రోజు, పదిహేనో రోజు ఫోటోలు తీయండి. ఒక్కోసారి ఒక్క మార్పే చేయాలి. ప్రైమరూ (జెల్ పట్టుకోవడానికి ముందు రాసేది) బ్రాండూ లాంపూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో మీకెప్పటికీ తెలియదు. ముహూర్తాలు లేని ఆషాఢం ఇందుకు మంచి కాలం. వీలైతే ఏదైనా సెలూన్‌లో సహాయకురాలిగా చేరండి: అక్కడ రీఫిల్‌కు, అంటే గోరు పెరిగిన చోట మళ్ళీ జెల్ నింపించుకోవడానికి, తిరిగి వచ్చే చేతులు కనబడతాయి, ఏ కోర్సులోనూ కనబడనివి అవే.

ఇంకా ఏ కోర్సులోనూ చేరనివారు ఫీజు కట్టే ముందు ఇవి అడగండి: ఒక్కొక్కరు ఎన్ని నిజమైన చేతుల మీద చేస్తారు? మేము చేసిన మోడల్‌ను రెండు వారాల తర్వాత మీరు మళ్ళీ పిలిపించి చూస్తారా? తీసివేయడం, అంటే సోక్ ఆఫ్, నేర్పుతారా? పిప్పిగోరును, ఫంగస్‌ను గుర్తుపట్టి, పని చేయకుండా డాక్టరు దగ్గరికి పంపడం చెబుతారా? రెండో ప్రశ్నకు అవునని చెప్పినచోట, బోర్డు మీద ఏ దేశపు జెండా లేకపోయినా, చేరవచ్చు.

అపోహ: కొత్తలో వేళ్ళు దురద పెట్టడం మామూలే, అలవాటైపోతుంది.

వాస్తవం: అలవాటు కాదు, ముదురుతుంది. క్యూర్ కాని జెల్ చర్మానికి పదేపదే తగిలితే అందులోని హేమా (HEMA) వంటి అక్రిలేట్లు అనే రసాయనాలకు అలర్జీ ఏర్పడుతుంది. ఒకసారి ఏర్పడితే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పళ్ళకు వేసే కొన్ని ఫిల్లింగుల్లోనూ ఇదే కుటుంబపు రసాయనాలు ఉంటాయి కాబట్టి తర్వాత దంతవైద్యుడి దగ్గర కూడా ఇబ్బంది రావచ్చు. వేలికొసలు ఎర్రబడి పగులుతుంటే పని ఆపి చర్మవైద్యుడిని కలవండి. క్యూటికల్ దగ్గర వెంట్రుకవాసి ఖాళీ వదలడం, నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవడం, వాటి మీద జెల్ పడగానే మార్చడం, లాంప్ నుంచి తీశాక గోరు మీద మిగిలే జిగురును ఉత్త వేలితో తుడవకపోవడం, ఇవే జాగ్రత్తలు. గోరు లేవడానికీ చర్మం పాడవడానికీ ఆ అంచు దగ్గరి అజాగ్రత్తే కారణం కావడం గమనించండి.

అపోహ: ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ ఉంటే ఎక్కడైనా పని చేయవచ్చు.

వాస్తవం: మన దేశంలో ఈ పనికి అమెరికా రాష్ట్రాల్లో ఉన్నటువంటి లైసెన్సు పరీక్ష లేదు. కాలిఫోర్నియాలో లైసెన్సు కావాలంటే 400 గంటల శిక్షణ చూపాలి. అయిదు రోజుల కాగితం అక్కడ ఎందుకూ పనికిరాదు. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ప్రమాణాలతో ఇచ్చే సర్టిఫికెట్ ఉద్యోగానికి కొంత ఉపయోగపడుతుంది. అంతకుమించి ఆశించవద్దు.

మిగిలినవి త్వరగా చెబుతాను. "యూరప్‌లో జెల్ నిషేధించారట" అన్న వాట్సాప్ వార్త నాకు వందసార్లు వచ్చి ఉంటుంది. 2025 సెప్టెంబర్ 1 నుంచి యూరోపియన్ యూనియన్ నిషేధించినది జెల్‌ను కాదు, దాన్ని గట్టిపరచడానికి వాడే టీపీఓ అనే ఒక పదార్థాన్ని. అది లేని జెల్స్ దొరుకుతాయి, సీసా మీది పదార్థాల జాబితా చదివి కొనండి. గోళ్ళకు ఊపిరాడదని మధ్యలో విరామం ఇవ్వాలనడం అర్థం లేని మాట. గోరు ఊపిరి పీల్చదు, దానికి కావలసినది వేలిలోని రక్తం నుంచే అందుతుంది. లాంప్ వాట్లు ఎక్కువైతే బాగా క్యూర్ అవుతుందన్నదీ నిజం కాదు. జెల్‌కు ఏ వెలుగు కావాలో ఆ వెలుగునిచ్చే లాంపే కావాలి, కనుక తయారీదారు చెప్పినదే వాడండి. పసుపూ ఆవకాయా గోళ్ళను పాడుచేస్తాయని అన్నం స్పూనుతో తినమని కస్టమర్లకు చెప్పేవారూ ఉన్నారు. పసుపు లేత రంగుల మీద మరక వేస్తుంది, నిజమే. అందుకు గుంటూరు మనిషిని చేత్తో పప్పన్నం కలుపుకోవద్దనడం కంటే ముదురు రంగు సూచించడం మర్యాద.

గొలుసు తాకట్టు పెట్టిన అమ్మాయి అప్పు తీసుకోలేదు. మూడు ఆదివారాలు నా దగ్గరికి వచ్చి, తన పిన్ని చేతికి గోళ్ళు పెట్టింది, నేను పక్కన కూర్చుని చూశాను. ఆమె బేస్ కోట్ మరీ మందంగా వేస్తున్నది, అంతే. పోయిన వారం పంపిన పదిహేనో రోజు ఫోటోలో ఎనిమిది గోళ్ళు నిలిచాయి, రెండు బొటనవేళ్ళు లేచాయి. విడిగా క్యూర్ చేశావా అని అడిగితే నాలుక కరుచుకున్న బొమ్మ ఒకటి పంపింది.

ఇలా చూపించుకోవడానికి రావాలనుకునేవారు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. లేచిన గోళ్ళను సిగ్గుపడి ముందే తీసేసి రాకండి, వాటిని అలాగే ఉంచుకుని రండి.