శిఖరం సగం దారే: కొండ ట్రైల్స్ గురించి అపోహలు - వాస్తవాలు

"ఎక్కుడు ఎన్ని కిలోమీటర్లు సార్?"

ట్రెక్‌కి పేరిచ్చే ప్రతి ఒక్కరూ మొదట అడిగేది ఇదే. కొండదారుల్లో జనాన్ని నడిపించడం, సైకిళ్ల మీద తిప్పడం నా పని. "దిగుడు ఎలా ఉంటుంది?" అని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తీరా చూస్తే నా ఫస్ట్ ఎయిడ్ సంచి జిప్పు తీసేది ఎక్కువగా దిగేటప్పుడే.

అపోహ: ఎక్కడమే కష్టం. పైకి చేరితే పని అయిపోయినట్టే.

సగమే అయింది. ఎక్కేటప్పుడు ఆయాసమొచ్చి మనిషి తనే ఆగుతాడు. దిగేటప్పుడు ఆపేదేదీ ఉండదు. కాళ్లు అప్పటికే అలిసిపోయి ఉంటాయి, ధ్యాసేమో కింద ఆపిన బండి మీద ఉంటుంది. గులకరాళ్ల మీద జారేది అప్పుడే.

ఒకాయన రెండు నెలలు ప్రాక్టీస్ చేసి వచ్చాడు. "రోజూ ఇరవై అంతస్తులు ఎక్కుతున్నా సార్" అన్నాడు. మరి దిగేది? "లిఫ్ట్‌లో." నవ్వొచ్చింది కానీ తప్పు ఆయనది కాదు, ఎవరూ చెప్పలేదంతే. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే మన బరువును ఆపాలి. అలవాటు లేని కండరం పోగులు ఈ పనికే ఎక్కువ దెబ్బతింటాయి. ముందు ఒకసారి ఓ మోస్తరు దిగుడు దిగి వస్తే కొన్ని వారాల పాటు కండరం అంతగా దెబ్బతినదు. కాబట్టి లిఫ్ట్‌లో పైకెళ్లి మెట్ల మీద దిగినా నాకు అభ్యంతరం లేదు.

ఆ నొప్పి వెంటనే రాదు, మర్నాడో మూడో రోజో పట్టుకుంటుంది. "నిన్న బాగానే ఉన్నాను, ఇవాళ మెట్లు దిగలేకపోతున్నా, మోకాళ్లు అరిగిపోయాయా?" అని కంగారుగా ఫోన్ చేస్తారు. రెండు తొడలూ సమానంగా నొప్పి పెడుతుంటే అది చాలావరకు కండరాల నొప్పే, కొద్ది రోజుల్లో తగ్గుతుంది. మోకాలు వాచినా, కాలు మోపలేకపోయినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా మాత్రం నాకు కాదు, డాక్టరుకు ఫోన్ చేయండి.

ఇక టైము. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ వాడతాం: సుమారు 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తు ఎక్కడానికి ఇంకో గంట. అంటే 12 కిలోమీటర్ల దారిలో 900 మీటర్లు ఎక్కాలంటే దాదాపు నాలుగు గంటలు, అదీ ఎక్కడా ఆగకుండా. తర్వాత లాంగ్‌ముయిర్ అనే మరో పర్వతారోహకుడు ఈ లెక్కలో దిగుడునూ కలిపాడు. వాలు 12 డిగ్రీలు దాటితే ప్రతి 300 మీటర్ల దిగుడుకు 10 నిమిషాలు కలపాలి. తీసేయడం కాదు, కలపడం! "దిగేటప్పుడు సగం టైము చాలు" అని ప్లాన్ వేసినవాళ్లే చీకట్లో ఫోన్ లైటు పట్టుకుని కనిపిస్తారు.

సైకిలుకూ ఇదే వర్తిస్తుంది. మనిషి, సైకిలు కలిపి 90 కిలోలనుకుందాం. 600 మీటర్లు దిగితే ఒకటిన్నర లీటర్ల చన్నీళ్లను మరిగించేంత శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. గాలి, టైర్లు కొంత తీసుకుంటాయి. మెల్లగా దిగితే చాలా భాగం బ్రేకుల్లోనే వేడవుతుంది. కొత్తలో నేను భయంతో వెనక బ్రేకు ఒక్కటే నొక్కి పట్టి దిగాను. సగం దారిలో కాలిన వాసన, ఆ తర్వాత బ్రేకు లివర్ మెత్తగా వచ్చి హ్యాండిల్‌కి తగిలింది. బ్రేకు గొట్టంలో ఉండే ఆయిల్ మరిగి బుడగలు కట్టింది. పక్కన పొదలున్నాయి కాబట్టి సరిపోయింది. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామన్న భయమే దీనికి మూలం. నిజానికి బండిని ఎక్కువగా ఆపేది అదే. మలుపులోకి వెళ్లాక కాదు, మలుపుకు ముందే, సీటు దించి, ఒంటిని వెనక్కి జరిపి, రెండు బ్రేకులూ వేసి, వదిలి, మళ్లీ వేయాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

జిమ్‌కి వెళ్లేవాళ్లకు ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ (బాగా ఎత్తుకు వెళ్తే గాలి పలచబడి వచ్చే జబ్బు) రాదట. వస్తుంది, ఫిట్‌నెస్‌కూ దానికీ సంబంధం లేదు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకండి. తలనొప్పి, వికారం మొదలైతే ఇంకా పైకి వెళ్లొద్దు.

సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదట. పనిచేస్తుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలంతే.

చల్లగా ఉంటే ఎండ తగలదట. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఎండలో చర్మాన్ని కమిలించే యూవీ కిరణాలు దాదాపు 10 శాతం పెరుగుతాయి. సన్‌స్క్రీన్ రాయండి, దీని మీద వాదన అనవసరం.

చివరగా "నేను అందరికీ భారమవుతానేమో" అనే భయం. యాభై దాటిన ఒకావిడ ఇదే మాట మూడుసార్లు ఫోన్ చేసి అడిగారు. రెండు ట్రెక్కింగ్ కర్రలు తెచ్చుకున్నారు, గోళ్లు కత్తిరించుకున్నారు, దిగుడు మొదలయ్యే చోట కూర్చుని మడమ కదలకుండా లేసులు బిగించుకున్నారు. అందరికంటే నలభై నిమిషాలు ఆలస్యంగా కిందికి చేరారు. అందరికంటే ముందు పరుగున దిగిన కుర్రాడు అప్పటికి షూ విప్పి, నల్లబడిన బొటనవేలి గోరు చూసుకుంటున్నాడు. బస్సు దాకా నడవడానికి ఆవిడ కర్ర ఒకటి అడిగి తీసుకున్నాడు.