కీళ్ల జబ్బుకి పేదా గొప్పా తేడా లేదా? అపోహలు - వాస్తవాలు

అపోహ: కీళ్లవాతం రాతని బట్టి వస్తుంది, చేసే పనితో సంబంధం లేదు.

కీళ్లవాతం, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్, ఎవరికైనా రావచ్చు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. వంశం పాత్ర కొంత ఉంది. దానికి తోడయ్యేవాటిలో గట్టి ఆధారాలున్నది పొగ. బీడీకీ సిగరెట్‌కీ మినహాయింపు లేదు. తర్వాతది సిలికా ధూళి. బెంగళూరులో జిగణి వైపు గ్రానైట్ కోసే యూనిట్లలో, అపార్ట్‌మెంట్ సైట్లలో రాయి కోసేచోట లేచే దుమ్ములో ఉండేది అదే. మూతికి కట్టిన తువ్వాలు దాన్ని ఆపలేదు, నలుసులు అంత సన్నం. నీళ్లు పోస్తూ కోయాలి, ఎన్95 మాస్కు ముక్కు దగ్గర సందు లేకుండా నొక్కి పెట్టుకోవాలి. ఆ మాస్కు కొనివ్వాల్సింది పని చేయించుకునేవాళ్లు, కూలీ కాదు.

అపోహ: మోకాళ్లు అరిగేది లావుగా ఉన్నవాళ్లకీ ముసలివాళ్లకీ మాత్రమే.

ఇది కీళ్లవాతం కాదు, కీలు అరిగే వేరే జబ్బు. బరువు సంగతి నిజమే. కిలో తగ్గితే అడుగుకి దాదాపు నాలుగు కిలోల భారం మోకాలి మీద తగ్గుతుంది. కానీ ఏళ్ల తరబడి గొంతుక్కూర్చుని, మోకాళ్ల మీద వంగి చేసే పని, బరువులు మోయడం కూడా గుజ్జుని అరగదీస్తాయి. బెంగళూరు మారతహళ్లిలో రోజుకి నాలుగైదు ఇళ్లు తుడిచే అనంతపురం ఆవిడకి ‘రెస్ట్ తీసుకోండి, వాకింగ్ చేయండి’ అని రాసిస్తే అది వైద్యం అనిపించుకోదు. ఆవిడకి పనికొచ్చేవి వేరు: కర్ర ఉన్న మాపు, గిన్నెలు నిలబడి తోమడం, బకెట్ సగమే నింపి రెండుసార్లు మోయడం. రాత్రి కుర్చీలో కూర్చుని కాలు చాచి, తొడ బిగించి ఐదు సెకన్లు ఆపాలి. ఒక్కో కాలికి పదిసార్లు. తొడ కండ గట్టిపడితే మోకాలి నొప్పి తగ్గుతుంది. రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్లకీ ఇదే వ్యాయామం. వాళ్లు నడక కూడా కలుపుకోవాలి, ఆవిడకి అది ఎలాగూ తప్పడం లేదు!

అపోహ: వంకాయ, పులుపు, పెరుగు మానేస్తే వాతం పోతుంది.

పోదు. పప్పూ పెరుగూ మానేస్తే ఉన్న కండ కూడా తగ్గుతుంది.

అపోహ: నొప్పి తగ్గిందంటే జబ్బు తగ్గినట్టే.

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. కొన్ని మందుల షాపుల్లో పేర్లు లేకుండా కాగితం పొట్లంలో కట్టిచ్చే మూడు నాలుగు రంగుల మాత్రల్లో స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఉండొచ్చు. సాయంత్రానికి హాయిగా ఉంటుంది, మర్నాటి కూలి పోదు. అందుకే మళ్లీ ఆ పొట్లమే. నెలలు గడిచేకొద్దీ కడుపులో పుండు, షుగరు, కిడ్నీ దెబ్బతినడం, ఎముకలు గుల్లబారడం. లోపల కీలు మాత్రం పాడవుతూనే ఉంటుంది. అలాగని అలవాటైన పొట్లాన్ని ఒక్కసారిగా ఆపేయకూడదు, స్టెరాయిడ్ ఉంటే అదీ ప్రమాదమే. డాక్టరుకి చూపించి మెల్లగా తగ్గించుకోవాలి.

పొద్దున లేచాక అరగంట దాటినా వేళ్లు ముడుచుకోకపోవడం, బట్టలు పిండలేకపోవడం, వేళ్ల మొదట్లో కణుపులన్నీ కలిపి నొక్కితే ప్రాణం పోయినట్టుండడం కీళ్లవాతం గుర్తులు. మొదటి మూడు నెలల్లో మందు మొదలైతే చేతులు వంకర పోకుండా కాపాడుకునే అవకాశం ఎక్కువ. ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగెటివ్ వచ్చిందని వదిలేయొద్దు, జబ్బు ఉన్నా అలా రావచ్చు.

అపోహ: అసలైన మందులకి లక్షలు కావాలి.

లక్షలయ్యేవి బయోలాజిక్ ఇంజెక్షన్లు, అంటే జీవకణాల్లో తయారుచేసే మందులు. మొదట్లోనే అవసరమయ్యేవాళ్లు తక్కువ. సాధారణంగా మొదలుపెట్టేది మెథోట్రెక్సేట్, చవకైన మాత్ర. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే నోరు పూసి, తెల్లకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. మాత్రల షీటు మీద ఏ రోజు వేసుకోవాలో (సోమవారమో, శనివారమో) పెన్నుతో రాయించుకోండి. సెలవుకి ముందు రాత్రి వేసుకుంటే మర్నాటి వికారం పనికి అడ్డురాదు. డాక్టరు చెప్పిన ఫోలిక్ యాసిడ్ వేరే రోజున. గర్భం కోసం చూస్తున్నవాళ్లు ముందే చెప్పాలి, అప్పుడు ఈ మందు వాడకూడదు.

నిజానికి భారమయ్యేది మందు ఖరీదు కన్నా పరీక్షలకి పోయే పూట కూలి. ఇళ్లలో పనిచేసే చాలామందికి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కూడా ఉండదు. రక్తకణాలు, లివరు, కిడ్నీ పరీక్షలు మొదట్లో తరచుగా, మోతాదు కుదిరాక దాదాపు మూడు నెలలకోసారి కావాలి. రక్తం ఇవ్వడం, డాక్టరుని కలవడం, మందులు తీసుకోవడం మూడూ ఒకే పూటలో అయ్యేలా ముందే అడిగి తేదీ వేయించుకోండి.