డబ్బాలో దూది

నాకొక ఫ్రెండ్ ఉన్నాడు, హైదరాబాద్‌లోనే ఉంటాడు, గే, హెచ్‌ఐవీ ఉందని తెలిసి ఆరేళ్లయింది. ఏఆర్‌టీ సెంటర్లో, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే చోట, మందుల డబ్బా ఇస్తారు, తెల్ల ప్లాస్టిక్ డబ్బా, అందులో ముప్ఫై మాత్రలు, రోజుకొకటి. ఇంటికి రాగానే వాడు చేసే మొదటి పని ఆ లేబుల్‌ని వేడినీళ్లలో నానబెట్టి గోటితో గీకేయడం. రెండో పని మూత తీసి లోపల దూది కుక్కడం. మాత్రలకి తడి తగలకుండా అనుకున్నా నేను. కాదంట, ఊరెళ్లేటప్పుడు బ్యాగులో గలగలమంటే పక్కనోళ్లు "ఏంట్రా అది" అని అడుగుతారని. ఈ మాత్రల్లో ఉండే డోలుటెగ్రావిర్‌ని తయారుచేసే పెద్ద కంపెనీలు కొన్ని హైదరాబాద్‌వే, ఇక్కడినుంచి ఆఫ్రికా దాకా వెళ్తుంది ఆ మందు, అదే ఊళ్లో వాడు దాన్ని దాచుకుని మింగుతున్నాడు.

వాడి వైరల్ లోడ్ రిపోర్ట్ నేను చూశాను. "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అని ఉంది, అంటే రక్తంలో వైరస్ మెషిన్‌కి కూడా దొరకనంత తక్కువైపోయింది. మందులు మానకుండా వాడుతూ ఈ స్థితిలో ఉన్న మనిషి నుంచి సెక్స్ ద్వారా ఇంకొకరికి హెచ్‌ఐవీ అంటదు. తక్కువగా అంటుతుంది అనట్లేదండీ నేను, అంటదు అంటున్నా. యూరప్‌లో పార్ట్‌నర్ అనే స్టడీ చేశారు, దాని రెండో విడత ఫలితాలు 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. 782 గే జంటలు, ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మందులతో కంట్రోల్‌లో ఉంది, రెండోవాళ్లకి లేదు, కండోమ్ లేకుండా 76 వేల సార్లకి పైగా కలిశారు. స్టడీ జరిగినన్నాళ్లలో 15 మందికి కొత్తగా హెచ్‌ఐవీ వచ్చింది, వాళ్లలో ఉన్న వైరస్ జన్యువుల్ని పార్ట్‌నర్ వైరస్‌తో పోల్చి చూస్తే ఒక్కటీ కలవలేదు, అన్నీ బయటినుంచి వచ్చినవే. తోడున్న మనిషి నుంచి వచ్చింది సున్నా.

మరి ఆ దూది ఎందుకు?

దీనికి వైరస్ కంటే పాత కథ ఉంది. 1981 జూన్ 5న అమెరికా ఆరోగ్య శాఖ బులెటిన్‌లో లాస్ ఏంజెలిస్‌లో ఐదుగురు గే కుర్రాళ్లకి అరుదైన న్యుమోనియా వచ్చిందని రాశారు, ఆ మరుసటేడు కొంతమంది ఈ జబ్బుకి ఏకంగా గే అన్న మాటతోనే పేరు పెట్టేశారు, తర్వాత ఎయిడ్స్ అని మార్చారు గానీ అప్పటికే జనం బుర్రలోకి ఎక్కాల్సింది ఎక్కేసింది. వైరస్‌ని పారిస్‌లో కనిపెట్టింది 1983లో. అంటే కారణం తెలియకముందే ఎవరి మీద ముద్ర వేయాలో లోకం తేల్చేసుకుంది.

ఆ ముద్ర బయటివాళ్లే వేస్తారనుకుంటే పొరపాటు. డేటింగ్ యాప్‌లో "హాయ్" తర్వాత రెండో మెసేజే "క్లీనేనా?" అని వస్తుంది, మనవాళ్లే అడుగుతారు. హెచ్‌ఐవీ లేదు కదా అని అడగడం అది, అంటే ఉన్నోడు మురికి అన్నమాట. పైగా ఆ ప్రశ్న ఎవర్నీ కాపాడదు, రెండేళ్లుగా టెస్ట్ చేయించుకోనివాడు "క్లీన్" అని ధైర్యంగా టైప్ చేస్తాడు, ఆర్నెల్లకోసారి రక్తం ఇచ్చి రిపోర్ట్ తెచ్చుకునేవాడు బ్లాక్ అవుతాడు. చుట్టాల చిన్నచూపు కన్నా ఇదే ఎక్కువ గుచ్చుకుంటుందని మా వాడు చెప్తాడు, నాకూ అది నిజమే అనిపిస్తుంది.

అందుకే క్యూర్, అంటే హెచ్‌ఐవీ పూర్తిగా నయమవడం, అనే మాట వినగానే ఒక్కొక్కరికి ఒక్కోలా వినిపిస్తుంది. నెదర్లాండ్స్‌లో పరిశోధకులు గే మగవాళ్లని కూర్చోబెట్టి ఇదే అడిగారు, క్యూర్ వస్తే మీకేం మారుతుంది అని. ఒంట్లో ఏం మారుతుందన్నదే కాదు, మనసు మీద బరువు దిగుతుందని, ఎవరికైనా అంటిస్తానేమో అన్న భయం పోతుందని, తేడాగా చూడ్డం తగ్గుతుందని ఆశపడ్డవాళ్లున్నారు. వైరస్ పూర్తిగా పోవాలన్నారు, ఒంట్లోనే ఉండి మందుల్లేకుండా అణిగి ఉంటుందంటే అంతగా మొగ్గలేదు. నాకిది చాలా అర్థమైన మాట. రోజుకొక మాత్ర వేసుకుని రిపోర్ట్ చూసుకుంటే ధైర్యం, మాత్ర మానేసి "ఎప్పుడు లేస్తుందో" అని ఎదురుచూడ్డం గండం నెత్తిన పెట్టుకోవడమే కదా.

లేస్తుంది మరి. హెచ్‌ఐవీ తన జన్యువుల్ని మన కణం డీఎన్‌ఏలోనే అతికించేస్తుంది, అలాంటి కణాలు కొన్ని ఏళ్లతరబడి నిద్రలో ఉండిపోతాయి, మందు పనిచేసేది వైరస్ కాపీలు చేసుకునేటప్పుడే కాబట్టి నిద్రపోతున్నదాన్ని ఏమీ చేయలేదు. మందు ఆపితే చాలామందిలో కొన్ని వారాల్లోనే మళ్లీ పైకొస్తుంది. కొత్త క్యూర్ పనిచేసిందో లేదో తేల్చుకోవాలంటే మాత్రం ఎప్పుడో ఒకప్పుడు మందు ఆపి చూడాల్సిందే, ఇంకో దారి ఇంకా లేదు. ఆ వారాల్లో ఆ మనిషి మళ్లీ ఇంకొకరికి అంటించగల మనిషి అయిపోవచ్చు, ఏళ్ల తర్వాత దొరికిన నిశ్చింతని సైన్స్ కోసం పక్కన పెట్టమని అడుగుతున్నాం, దానికి "సరే" అన్నవాళ్లకి నేను చేతులెత్తి దండం పెడతాను.

హెచ్‌ఐవీ మొట్టమొదట నయమైన మనిషి కూడా ఆ చికిత్సకి ముందు వద్దనే అన్నారు. తిమోతీ రే బ్రౌన్, అమెరికన్, బెర్లిన్‌లో ఉండేవారు, గే. 1995లో హెచ్‌ఐవీ తేలింది, 2006లో బ్లడ్ క్యాన్సర్. డాక్టర్ గెరో హ్యూటర్‌కి ఒక ఆలోచన వచ్చింది. హెచ్‌ఐవీ కణంలోకి దూరడానికి మామూలుగా సీసీఆర్5 అనే ప్రోటీన్‌ని పట్టుకోవాలి, ఉత్తర యూరప్‌లో నూటికి ఒకరికి అటూఇటూగా పుట్టుకతోనే ఆ పట్టు ఉండదు (మన దేశంలో ఇది చాలా అరుదు). క్యాన్సర్ కోసం ఎలాగూ రక్తాన్ని తయారుచేసే మూలకణాలు మార్చాల్సొస్తే అలాంటి దాతవే ఎందుకు ఎక్కించకూడదు? వెతికితే 61వ దాత దగ్గర దొరికింది. బ్రౌన్ మొదట ఒప్పుకోలేదు, క్యాన్సర్ తగ్గింది, హెచ్‌ఐవీకి మందులున్నాయి, నా మీద ప్రయోగం దేనికి అనుకున్నారు. క్యాన్సర్ తిరగబెట్టాక 2007 ఫిబ్రవరిలో చేయించుకున్నారు, 2008లో రెండోసారి. ఆ రెండోసారి తర్వాత చూపు దాదాపు పోయింది, నడక మళ్లీ నేర్చుకోవాల్సొచ్చింది. వైరస్ మాత్రం తిరిగి రాలేదు.

మొదట్లో లోకానికి ఆయన "బెర్లిన్ పేషెంట్" అంతే, పేరు లేదు. 2010లో తనే బయటపెట్టారు, నయమైనవాణ్ని నేనొక్కణ్నే ఉండకూడదు, ఇంకా రావాలి అని. 2020లో క్యాన్సర్‌తోనే పోయారు, 54 ఏళ్లకి, హెచ్‌ఐవీ లేకుండా. ఆ తర్వాత లండన్‌లో ఆడం కాస్టియెహో, ఇంకొందరు, అందరూ కలిపి పదిమంది అటూఇటూ. ప్రపంచంలో హెచ్‌ఐవీతో ఉన్నవాళ్లు 4 కోట్లు దాటారు. ప్రాణం మీదికొచ్చే ఈ మూలకణాల మార్పిడి క్యాన్సర్ లేనివాళ్లకి ఎవరూ చేయరు, చేయకూడదు కూడా. పైగా నయమైనా యాంటీబాడీలు కొన్నాళ్లు రక్తంలో ఉంటాయి, మామూలు టెస్ట్ "పాజిటివ్" అని చూపించొచ్చు. ఉద్యోగానికో ఇన్సూరెన్స్‌కో ఆ కాగితం చూపించాల్సొస్తే ఏం చెప్పాలి?

మన దగ్గర 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ విషయంలో, గే సంబంధాలు నేరం కాదని తీర్పిచ్చింది, నాలుగు రోజులకి 10వ తారీఖున హెచ్‌ఐవీ చట్టం అమల్లోకొచ్చింది, ఉద్యోగంలో, ఆసుపత్రిలో, అద్దె ఇంట్లో హెచ్‌ఐవీ ఉందని తేడా చూపిస్తే తప్పు అని. మా వాడికి ఈ రెండూ తెలుసు. అయినా పోయిన నెల దూది కుక్కుతుంటే అడిగాను, రేపు నిజంగా క్యూర్ వస్తే ఫస్ట్ ఎవరికి చెప్తావురా అని.

చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "తగ్గిందని చెప్పాలంటే ముందు ఉండేదని చెప్పాలి కదరా. ఉండేదంటే ఎలా వచ్చిందంటారు. అమ్మేమో ఇంకా సంబంధాలు చూస్తోంది" అన్నాడు. మూత బిగించి, డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపి చూసుకున్నాడు.