వార్నిష్ మెరుపు చూసి ఉడీ కారు కొనకండి

ఉడీ అంటే బాడీలో చెక్క వాడిన పాతకాలపు అమెరికన్ కారు. 1946–48 నాటి క్రైస్లర్ టౌన్ అండ్ కంట్రీ కన్వర్టిబుల్ (పైకప్పు మడిచేసే ఉడీ) ఎక్కడైనా అమ్మకానికి వచ్చిందంటే చాలు, మిషిగన్‌లోని మా వర్క్‌షాప్‌కి ఫొటోలు మొదలు. "చెక్క ధగధగలాడుతోందండీ, ఇంక చూసేదేముంది?" అంటారు. చూడాల్సిందంతా ఆ ధగధగ కిందే ఉంది.

అపోహ: చెక్క సోకు కోసమే, బరువంతా ఉక్కే మోస్తుంది.

అదే కాలపు ఫోర్డ్ ఉడీ కన్వర్టిబుల్ స్పోర్ట్స్‌మన్‌లో చెక్క లోపల ఉక్కు చట్రం ఉంటుంది, నిజమే. దాన్ని పట్టుకొచ్చి క్రైస్లర్‌కి అంటగడతారు. టౌన్ అండ్ కంట్రీలో బానెట్, ఫెండర్లు ఉక్కువి. తలుపులకి మాత్రం ఆష్ కర్ర ఫ్రేమే ఆధారం. ఆష్ బలమైన కర్రే కానీ తడికి తట్టుకోలేదు. అద్దం పక్కనుంచి దిగిన వాననీళ్లు తలుపు అడుగుకి చేరతాయి. నీళ్లు పోయే రంధ్రాలు పూడుకుపోతే అక్కడే నిలుస్తాయి, జాయింట్లలో కోసిన కర్ర చివరలు ఆ తడి పీల్చుకుంటాయి. పైన వార్నిష్ నిన్న వేసినట్టే ఉంటుంది.

కొన్నాక మా దగ్గరికి తెచ్చిన ఒక కారులో తలుపు కింది మూల చూశాను. చెక్క చారలు జాయింట్ మీదుగా ఎక్కడా తెగకుండా సాగిపోయాయి. రెండు వేర్వేరు ముక్కలు కలిసేచోట అదెలా కుదురుతుంది? గోకితే ఎపాక్సీ ఫిల్లర్ (కన్నాలు పూడ్చే గట్టి జిగురు ముద్ద), దాని మీద సన్న బ్రష్‌తో గీసిన చారలు! గీసినవాడి పనితనం మెచ్చుకోవాల్సిందే. పాపం, కొన్నాయన అక్కడే కుర్చీలో కూలబడ్డారు. అలాంటి తలుపుకి పైపూత పనికిరాదు. మొత్తం విప్పి, కుళ్లిన కర్ర తీసేసి, కొత్తది చెక్కి కూర్చాలి.

అందుకని, తలుపు సగం తెరిచి చివర పట్టుకుని పైకెత్తండి. హింజ్ దగ్గర కాకుండా చెక్క జాయింటే కదిలిందంటే బేరం ఆపండి. ఓనర్ ఒప్పుకుంటే తలుపు అడుగున స్క్రూడ్రైవర్ కొనతో నొక్కి చూడండి. దిగబడితే ఇంక మాట్లాడేదేం లేదు.

ఇంకోపక్క, నాన్నగారు వదిలివెళ్లిన కారులో స్క్రూ చుట్టూ నల్లమచ్చ కనబడిందని నిద్రపోనివాళ్లూ ఉన్నారు. కర్ర గట్టిగా ఉంటే టెన్షన్ వద్దు. అది చాలాసార్లు ఇనుము మరకే, ఆక్సాలిక్ ఆసిడ్‌తో పోతుంది.

అపోహ: యుద్ధం తర్వాత ఉక్కు దొరక్క చెక్క వాడారు.

ఈ పుకారు ఎప్పటికి చస్తుందో! చెక్కపనికే ఖర్చెక్కువ, స్పోర్ట్స్‌మన్ మామూలు ఫోర్డ్ కన్వర్టిబుల్ కంటే దాదాపు 500 డాలర్లు ఎక్కువ పలికింది. 1942 ఫిబ్రవరిలో పౌరుల కార్ల తయారీ ఆగిపోయింది. యుద్ధమయ్యాక ఈ రెండు కంపెనీలూ 1942 డిజైన్లనే సర్ది అమ్మాయి. పాత ఆకారానికి కొత్త కళ తేవడానికి చెక్క పనికొచ్చింది. వాళ్ల అసలైన కొత్త డిజైన్లు వచ్చింది 1949 మోడళ్లతోనే.

అపోహ: ఆష్ ఫ్రేముల మధ్య పలకలు (ప్యానెళ్లు) అసలైన మహాగని కర్రవి కాకపోతే కారు నకిలీ.

తర్వాతి టౌన్ అండ్ కంట్రీలకి ఫ్యాక్టరీయే చెక్కలా కనబడే డై-నాక్ ఫిల్మ్ అంటించింది. దాన్ని పీకించి మహాగని వేయిస్తే పోయేది ఒరిజినలే.