నదిని పూడ్చాలా, కట్ట దాటాలా?

2025 జూలై 6న ఫ్లోరిడాలోని డిస్నీ వారి మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో తెడ్డు చక్రాల స్టీమరు చివరిసారి తిరిగింది. మర్నాటి నుంచి ఆ స్టీమరు, అది తిరిగే కృత్రిమ నది, మధ్యలోని టామ్ సాయర్ దీవి అన్నీ మూతపడ్డాయి. ఆ చోట ‘కార్స్’ సినిమా ఆధారంగా కొత్త విభాగం కడతామని డిస్నీ 2024 ఆగస్టులోనే చెప్పింది. అభిమానులు అడిగిన ప్రశ్న ఒక్కటే: వేల ఎకరాలు చేతిలో పెట్టుకుని నదినే పూడ్చాలా?

న్యాయమైన ప్రశ్నే. 1965 నాటికే అక్కడ డిస్నీ కొన్న భూమి దాదాపు 27 వేల ఎకరాలు. కాలిఫోర్నియాలోని అసలు డిస్నీలాండ్ మొదలైంది 160 ఎకరాల్లో. ఆ ఇరుకు పార్కు కూడా పదేళ్ల కిందట సినిమా విభాగం కోసం తన నది మీద చెయ్యి వేసింది. కానీ కొంత కత్తిరించి మిగతాది ఉంచుకుంది. భూమి లేనిచోట నది మిగిలింది, ఉన్నచోట పోయింది. ఈ తిరకాసు అర్థం కావాలంటే 1953 దాకా వెనక్కి వెళ్లాలి.

వాల్ట్ డిస్నీ మొదట తన పార్కును బర్బాంక్‌లో స్టూడియో పక్కనే చిన్న జాగాలో కడదామనుకున్నాడు. అది కుదరలేదు. స్థలం వెతికే పనిని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు అప్పగిస్తే, అక్కడి హారిసన్ ప్రైస్ జనాభా ఎటు పెరుగుతోందో, కొత్త ఫ్రీవే ఎటు పోతోందో లెక్కలు కట్టి లాస్ ఏంజెలెస్ దగ్గరి అనహైమ్ ఊళ్లో నారింజ తోటలను చూపించాడు. పార్కు 1955 జూలై 17న తెరుచుకుంది. దాని చుట్టూ చెరువుకు కట్ట వేసినట్టు మట్టికట్ట పోశారు. కట్ట మీద చిన్న రైలు. లోపలున్నవాళ్లకు బయటి కరెంటు స్తంభాలు, మోటళ్లు కనపడకూడదని ఆ ఏర్పాటు. అప్పటికి గొప్ప ఆలోచనే. కానీ అదే కట్ట పార్కుకు బిగుతైన మొలతాడు అయింది. బయట హార్బర్ బులవార్డ్ అనే రోడ్డు పొడవునా మోటళ్లు లేచాయి. చుట్టుపక్కల భూమి కొనడానికి డిస్నీ దగ్గర అప్పుడు డబ్బు లేదు, తర్వాత కొందామంటే ధర అందలేదు. ఫ్లోరిడాలో వేల ఎకరాలు గుట్టుచప్పుడు కాకుండా, వేరే కంపెనీల పేర్లతో కొనడం ఈ అనుభవం నేర్పిన పాఠమే.

కట్ట లోపల చోటు చాలకపోతే ఏం చేశారన్నది నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. కిందనుంచి దాటారు. 1967లో వచ్చిన సముద్రపు దొంగల సవారీలో పడవ చీకట్లో రెండుసార్లు జారుతుంది. ఎక్కినవాళ్లు సరదాకనుకుంటారు. నిజానికి ఆ జారుడు పడవను రైలు పట్టాల కిందికి దించడానికి. అసలు భవనం కట్టకు అవతల ఉంది. 1969 నాటి దయ్యాల బంగళాలో జనం నిలబడ్డ గది సాగిపోతున్నట్టు కనిపిస్తుంది. అది మారువేషం వేసిన లిఫ్టు. కిందికి దించి, పట్టాల కింద సొరంగంలో నడిపించి, కట్ట బయటి భవనానికి చేరుస్తుంది. ఫ్లోరిడా బంగళాలో ఈ అవసరం లేదు. అక్కడ నేల తవ్వితే నీళ్లు. అందుకే నేల కదలదు, కప్పే పైకి లేస్తుంది. చూసేవాడికి రెండు చోట్లా ఒకే అనుభూతి. 1995లో వచ్చిన ఇండియానా జోన్స్ సవారీ భవనమూ కట్ట బయటే, పాత పార్కింగ్ స్థలంలో. దాని క్యూ అంత పొడుగ్గా ఉండడానికి ఒక కారణం అదే.

ఇవన్నీ ఒక్కో సవారీకి సరిపడే ఉపాయాలు. ఒక్క సినిమాకే విభాగం మొత్తం ఇచ్చే పద్ధతి ఊపందుకున్నాక ఇవి చాలలేదు. మొదటి డిస్నీలాండ్‌లో విభాగాలంటే అడవి, పడమటి సరిహద్దు, భవిష్యత్తు లాంటి ఊహాలోకాలు. సినిమా వాటి లోపల ఒక మూల ఉండేది. ఈ లెక్కను మార్చింది పోటీదారు. 2010 జూన్‌లో ఆర్లాండోలోని యూనివర్సల్ వారి ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో హ్యారీ పోటర్ ఊరు తెరుచుకుంది. 2009లో 46 లక్షలున్న ఆ పార్కు సందర్శకులు 2011లో 76 లక్షలు దాటారని పరిశ్రమ అంచనా. యూనివర్సల్ స్థలం ప్రశ్నకు ఇచ్చిన జవాబు నిర్మొహమాటంగా ఉంటుంది: పాతది కూల్చెయ్. మొదటి ఊరి కోసం లాస్ట్ కాంటినెంట్ విభాగంలో ఒక భాగాన్ని మార్చేశారు. 2014లో పక్క పార్కులో తెరిచిన రెండో భాగం కోసం అంతకుముందే ‘జాస్’ సొరచేప సవారీని తీసేశారు. రెండు పార్కుల మధ్య రైలు వేసి, అది ఎక్కాలంటే రెండింటి టికెట్ ఉండాలన్నారు. ఎక్కడ కట్టారన్నదే టికెట్ల అమ్మకం అయిందన్నమాట.

ఒప్పందాలూ చోటును నిర్ణయిస్తాయి. మార్వెల్ పాత్రలపై యూనివర్సల్‌కు 1994 నుంచి ఉన్న ఒప్పందం వల్ల, తర్వాత మార్వెల్‌నే కొనేసిన డిస్నీ కూడా అమెరికాలో మిసిసిపీ నదికి తూర్పున స్పైడర్‌మ్యాన్‌కు విభాగం కట్టడానికి వీల్లేదు. అందుకే 2021లో అవెంజర్స్ క్యాంపస్ కాలిఫోర్నియాలో వచ్చింది, ఫ్లోరిడాలో రాలేదు. (పార్కు లోపలి నది ఎలా ఉన్నా, ఈ నదిని పూడ్చలేరు.)

ఇక స్టార్ వార్స్. 2015లో డిస్నీలాండ్‌కు 14 ఎకరాల విభాగం ప్రకటించారు. ఎవరైనా అది భవిష్యత్తు విభాగమైన టుమారోలాండ్‌లోనే ఉండాలనుకుంటారు. 1987 నుంచి స్టార్ టూర్స్ అనే స్టార్ వార్స్ సవారీ ఉన్నదీ అక్కడే. కానీ అక్కడ కార్ల ట్రాక్, జలాంతర్గాముల కొలను, మోనోరైల్ స్తంభాలు. చెయ్యి పెట్టే సందు లేదు. చివరికి పార్కుకు వాయవ్య మూల, బిగ్ థండర్ ర్యాంచ్ అనే చిన్న విభాగం, వెనక గోదాములు ఉన్న చోటు దొరికింది. 2016 జనవరిలో నది ఎండగట్టి ఉత్తరపు కొసను కుదించారు. రైలు దారి మార్చారు. ఎప్పుడూ కుడికే తిరిగే ఆ రైలు మొదటిసారి ఎడమకు తిరిగింది. 2017లో నది మళ్లీ నిండింది, 2019 మే 31న విభాగం తెరుచుకుంది. కౌబాయ్‌ల ఊరి పక్కన అంతరిక్షమేమిటని నవ్వినవాళ్లున్నారు. రాళ్ల గుట్టలు, సొరంగాలు అడ్డుపెట్టి ఆ అతుకు కనపడకుండా చేశారు. నా మటుకు నాకు లోపలి సవారీల కన్నా ఆ దారులే గొప్ప పనితనం.

నదిని పూర్తిగా ఎందుకు తీసెయ్యలేదు? దాని మీద 1992 నుంచి రాత్రి ప్రదర్శన నడుస్తోంది, వేలమంది ఒడ్డున కూర్చుని చూస్తారు. పైగా డిస్నీలాండ్ నది మధ్యలోని దీవిని వాల్ట్ స్వయంగా గీశాడన్న పేరుంది. ఫ్లోరిడా నదికి ఈ రెండు రక్షణలూ లేవు. ఆ ప్రదర్శన అక్కడ వేరే పార్కులో జరుగుతుంది.

భూమి ఉన్నా నదినే ఎంచుకోవడానికి మరో కారణం నడక అని నా అంచనా. రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లినవాళ్లకు తెలుసు, బస్సెక్కించి తిప్పుతారు, బాహుబలి సెట్ ఎంత లోపల ఉన్నా ఫర్వాలేదు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కాళ్లే బస్సు. అమెరికాలో పిల్లల దగ్గరికెళ్లి ఆర్లాండో చూసొచ్చిన పెద్దవాళ్లను ఎవరినైనా అడగండి, ముందు మోకాళ్ల సంగతే చెబుతారు. పార్కు చివర ఒక విభాగం తగిలిస్తే జనం అక్కడికెళ్లి తిరిగి రావాలి. నడిబొడ్డున కడితే దారులు చుట్టూ కలుస్తాయి. డిస్నీ సినిమాల దుష్టపాత్రలకు మరో కొత్త విభాగాన్ని మ్యాజిక్ కింగ్‌డమ్‌లోని బిగ్ థండర్ కొండ సవారీకి అవతల కడతామంటున్నారు కాబట్టి, ఆ దూరానికి మధ్యలో ఏదో ఒక మజిలీ ఉండక తప్పదు. ఆ మజిలీయే ‘కార్స్’.

అనహైమ్‌లో మాత్రం లెక్క మళ్లీ ఎకరాల దగ్గరికే వస్తుంది. అక్కడ రెండో పార్కు, 2001 నాటి కాలిఫోర్నియా అడ్వెంచర్, మొదటి పార్కు పార్కింగ్ స్థలంలో కట్టిందే. 2012లో 12 ఎకరాల ‘కార్స్’ విభాగం వచ్చిందీ ఇంకో పార్కింగ్ ముక్కలోనే. ఏ ముక్కలో హోటల్, ఏ ముక్కలో సవారీలు అని 1990ల నిబంధనలు విడదీసి పెట్టాయి. ఆ గీతలు చెరిపేందుకు నగర మండలి 2024లో ఒప్పుకుంది. బదులుగా పదేళ్లలో కనీసం 190 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడతామని డిస్నీ మాటిచ్చింది. కొత్త భూమి మాత్రం పెద్దగా రాలేదు. ఉన్నవాటిలో పెద్ద ముక్క టాయ్ స్టోరీ పార్కింగ్. అది హార్బర్ బులవార్డ్‌కు అవతల ఉంది. ఇప్పటి గేట్ల నుంచి అక్కడికి వెళ్లాలంటే బస్సెక్కాలి.